జాబితాలో లేని ఎనిమిదో నంబరు

దయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. గొప్పకు చెప్పడం లేదు. మదనపల్లెలో ఇరవై ఏళ్లకు పైగా వీడియోలు తీసి బతికినవాణ్ణి. పెళ్లిళ్లు, పుట్టువెంట్రుకలు, చెవులు కుట్టే వేడుకలు, ఆఖరికి శవయాత్రలు కూడా తీశాను. శ్మశానంలో చితి పక్కన కెమెరా భుజాన వేసుకుని గంటలకొద్దీ నిలబడ్డాను. ఎదురుగా ఉన్నదే కెమెరాలో పడుతుంది, లేనిది పడదు. ఎవరైనా వచ్చి మా ఫొటోలో ఏదో నీడ పడిందని చెబితే, "ముందు లెన్సు తుడుచుకో సామీ" అని పంపించేవాణ్ణి.

మా ఆవిడ పద్మ ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. స్టూడియోలో ఆల్బమ్‌ల పని ఆమెదే. ఫొటోలకు నంబర్లు వేసి వరసలో అతికించేది. నేను ఇలా మాట్లాడినప్పుడల్లా "నీ నోటికి ఒక దండం. నీకూ ఒక రోజొస్తాదిలే" అనేది.

వచ్చింది. అదీ పట్టపగలు, మా స్టూడియోలోనే, మేమిద్దరమూ చూస్తూ ఉండగా.

ముందు కొంచెం పని సంగతి చెప్పాలి, లేకపోతే మీకు అర్థం కాదు. తొంభైలలో నేను పని నేర్చుకున్నప్పుడు అంతా క్యాసెట్లే. నాకు పని నేర్పిన పెద్దాయన రెండు అలవాట్లు చేశాడు. ఒకటి, తీసిన ప్రతి షాటూ నోటుపుస్తకంలో వరసగా రాసుకోవడం. రెండోది, క్యాసెట్ మీద ముందు "శ్రీ" అని రాసి, ఆ తరువాతే పార్టీ పేరు రాయడం. నాకు పెద్దగా భక్తి లేదు కానీ చెయ్యి అలవాటు పడిపోయింది. కిరాణా చీటీ మీద కూడా శ్రీ రాసేవాణ్ణి.

రెండువేల ఎనిమిదో తొమ్మిదో సరిగ్గా గుర్తు లేదు, బెంగళూరు పోయి కొత్త కెమెరా కొన్నాను. అందులో క్యాసెట్ లేదు. వేలిగోరంత కార్డు. ఇంత చిన్నదాంట్లో పెళ్లంతా పడుతుందా అని నాకే నమ్మకం కలగలేదు. దాంతో తీసిన మొదటి ఫంక్షన్ కుప్పంలో మునెప్ప మేస్త్రీ గృహప్రవేశం.

మునెప్ప ముప్పై ఏళ్లు ఊరందరికీ ఇళ్లు కట్టిన మనిషి. తన ఇల్లు మాత్రం అరవై దాటాక కట్టుకున్నాడు. భార్య ఎప్పుడో పోయింది. కొడుకు గోవిందు, కోడలు, ఆయన. ఇంకా కరెంటు మీటరు పెట్టలేదు, సున్నం వాసన పోలేదు, అయినా ముహూర్తం దాటిపోతుందని ఇంట్లో చేరిపోయారు. పొద్దున గోపూజ దగ్గర నుంచి నేను తీస్తూనే ఉన్నాను. ఆయన మాత్రం కెమెరా చూస్తే చాలు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని తప్పుకునేవాడు.

"నన్ను తీస్తే ఏమొస్తాదప్పా? గోడలు తియ్. గోడలు బాగుండాయి" అన్నాడు.

రెండు మూడుసార్లు బతిమాలాను. వినలేదు. నాకూ ఒళ్లు మండి వదిలేశాను. మధ్యాహ్నానికి బ్యాటరీ అయిపోయింది. నా దగ్గర ఉన్నది ఒక్కటే బ్యాటరీ. కొత్తింట్లో కరెంటు లేదు కదా, పక్కింటివాళ్ల వసారాలో చార్జింగ్ పెట్టాను. కెమెరాను బ్యాగులో పెట్టి, ఆ బ్యాగును ఆ ఇంట్లోనే మంచం కింద పెట్టి, రెండో పంక్తిలో భోజనానికి కూర్చున్నాను. ఈ మాట గుర్తు పెట్టుకోండి. కెమెరా ఒకచోట, బ్యాటరీ ఒకచోట, నేను విస్తరి ముందు.

మరునాడు మదనపల్లెలో కార్డును కంప్యూటర్‌కు పెట్టాను. పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో ఏవో ఫోల్డర్లు కనిపించాయి. ఏవీసీహెచ్‌డీ అని ఒకటి. ఇదేం పేరు, ఎవరి పెళ్లని గుర్తుపెట్టుకోవాలి అనుకుని, ఆ కార్డు మీదే దాని పేరు చెరిపేసి "శ్రీ కుప్పం గృహప్రవేశం" అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను. క్యాసెట్ మీద లేబుల్ అంటించినంత సులువుగా చేసేశాను.

ఆ తరువాత కెమెరాతో వచ్చిన సాఫ్ట్‌వేర్ తెరిస్తే వీడియోలు లేవంది. కార్డు తీసి కెమెరాలో పెడితే అదీ ఏమీ లేదంది. పైగా కొత్తగా జాబితా తయారుచేయమంటారా అని అడిగింది. భయపడి "వద్దు" నొక్కి, కార్డును కాగితంలో చుట్టి సొరుగులో పెట్టేశాను. గోవిందు ఫోన్ చేసినప్పుడల్లా "మిక్సింగ్ జరుగుతా ఉండాదప్పా" అని అబద్ధం చెప్పాను. ఇన్నేళ్ల సర్వీసులో ఒక్క ఫంక్షన్ కూడా పోగొట్టలేదు, ఇప్పుడు ఏ మొహంతో చెప్పను?

గృహప్రవేశం అయిన పన్నెండో రోజున మునెప్ప గుండెపోటుతో పోయాడు. ఆ కబురు విన్నప్పుడు నాకు అన్నం సహించలేదు.

ఆయన పోయిన తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఒక అమ్మాయి స్టూడియోకు వచ్చింది. పొట్టిగా, సన్నగా ఉంది, ముప్పై కూడా ఉండవు. చెప్పులు బయట విడిచి వచ్చింది. స్టూడియోకు ఎవరూ అలా చెప్పులు విడిచి రారు.

"అన్నా, నా పేరు సుగుణ. పుంగనూరు నుంచి వస్తాండాను. కుప్పం మునెప్ప మేస్త్రీ మా నాయన. ఇల్లు సేరినప్పుడు మీరే కదా తీసింది. మా నాయన ఒక్క తూరి కనిపిస్తాడేమో సూపించన్నా" అంది.

పద్మ ఆమెను కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. అప్పుడు చెప్పింది. మూడేళ్ల కిందట పుంగనూరులో పాల సెంటర్ నడిపే అబ్బాయిని తన ఇష్టంతో పెళ్లి చేసుకుంది. నీ మొకం సూడను, నా గడప తొక్కొద్దు అని మునెప్ప అందరి ముందు ఒట్టు వేశాడు. ఆ తరువాత ఒక్క మాట లేదు. గృహప్రవేశానికీ పిలవలేదు, ఆ రోజంతా ఆమె పుంగనూరులో పాల సెంటర్‌లోనే ఉంది. చనిపోయినప్పుడు ఆమె పరుగెత్తుకుంటూ పోతే, అన్న గోవిందు వీధిలోనే ఆపేశాడు. పందిట్లో అంతమంది మధ్య నుంచి తండ్రి పాదాలు మాత్రం చూసింది.

"మా యన్న సెడ్డోడు కాదన్నా. నాయన మాట తీసెయ్యలేనమ్మా అని ఆయనే ఏడ్సినాడు. ఎల్లుండి కర్మాంతరం. ఆ పొద్దు కూడా నేను బయటే కూసోవల్ల. నాకు ఇల్లూ వద్దు, ఏమీ వద్దు. ఒక్క తూరి మొకం సూస్తే సాలు."

ఏమని చెప్పను? వీడియో పోగొట్టాను, ఉన్నా మీ నాయన అందులో మొహం చూపించలేదు అని చెప్పాలా? పద్మ నా వైపు చూసిన చూపుకు కుర్చీలోనే కుంచించుకుపోయాను. ఇక సిగ్గు విడిచి బెంగళూరులో ఎడిటింగ్ చేసే నా మిత్రుడికి ఫోన్ కొట్టి ఉన్నదంతా చెప్పాను. అతను విని నవ్వాడు, ఆ తరువాత తిట్టాడు.

"దాని పేరు యాల మారిస్తివప్పా? కెమెరా ఆ పేరు సూసే కదా గుర్తుపట్టేది! ముందు లోపలుండే ఫైళ్లన్నీ హార్డ్ డిస్కులోకి కాపీ సేసుకో, ఆమైన పేరు పాతది పెట్టు" అన్నాడు.

అతను చెప్పిందాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. ఈ కెమెరాలు వీడియోను ఒకే ముక్కగా పెట్టవు. ఫోల్డరు లోపల ఫోల్డరు, దాని లోపల ఇంకొకటి. అన్నిటికన్నా లోపల, స్ట్రీమ్ అనే ఫోల్డరులో అసలు బొమ్మ ఉంటుంది. పక్క ఫోల్డర్లలో చిన్న చిన్న ఫైళ్లుంటాయి, అవి జాబితా లాంటివి. కెమెరా అయినా, దాని సాఫ్ట్‌వేర్ అయినా ఆ జాబితా చదివే చూపిస్తాయి. జాబితాలో లేనిది వాటికి లేనట్టే. మన విండోస్‌కు అవేవీ పట్టవు. లోపలికంటా పోయి తెరిస్తే ఉన్నదంతా నంబర్లతో వరసగా చూపిస్తుంది.

అతను చెప్పినట్టే ముందు లోపలి ఫైళ్లన్నీ కాపీ చేశాను. తరువాత ఫోల్డరుకు పాత పేరు పెట్టి కార్డును కెమెరాలో పెట్టాను. వచ్చేశాయి! పద్నాలుగు బొమ్మలు వరసగా కనిపించాయి. నా నోటుపుస్తకంలో కూడా పద్నాలుగు షాట్లే. ప్రాణం లేచొచ్చింది.

కెమెరాను టీవీకి కలిపి పద్నాలుగూ వేశాను. సుగుణ స్టూలు మీద కదలకుండా కూర్చుని చూసింది. ఆవు లోపలికొచ్చింది, పాలు పొంగాయి, అయ్యవారు మంత్రాలు చదివాడు, గోవిందు దంపతులు పీటల మీద కూర్చున్నారు. మునెప్ప ఒకచోట నీళ్ల డ్రమ్ము దగ్గర వెనక్కి తిరిగి ఉన్నాడు. ఇంకొకచోట ఆయన చెయ్యి, తువ్వాలు. అంతే. మొహం ఎక్కడా లేదు.

"సాలన్నా. ఆ సెయ్యి మా నాయనదే" అని ఆమె లేచింది. ఆ మాటకు పద్మ కళ్లు తుడుచుకుంది. నాకు నా మీదే కోపం వచ్చింది. ఆ రోజు ఇంకొక్కసారి బతిమాలితే నా సొమ్మేం పోయేది?

అప్పుడు పద్మ కంప్యూటర్ వైపు చూస్తూ "ఏమయ్యా, ఈడ పదైదు ఉండాయే" అంది.

లెక్క తప్పి ఉంటుందనుకున్నాను. లేదు. నంబర్లు సున్నా నుంచి మొదలవుతాయి కాబట్టి పద్నాలుగు షాట్లకు పదమూడుతో ముగియాలి. అక్కడ పద్నాలుగు వరకూ ఉన్నాయి. ఒక్కొక్కటీ తెరిచి నోటుపుస్తకంతో పోల్చాను. ఏడు వరకూ సరిపోయింది. నా ఎనిమిదో నంబరు ఉండాల్సిన షాటు తొమ్మిదిలో ఉంది. మధ్యలో ఎనిమిదో నంబరుతో నేను తీయని ఫైలు ఒకటి ఉంది. టైము మధ్యాహ్నం రెండుకు ఎనిమిది నిమిషాలు తక్కువ. నేను విస్తరి ముందు కూర్చున్న వేళ.

దాన్ని నొక్కాను.

మునెప్ప. తువ్వాలు భుజం మీద ఉంది. మొహం మీద ఏ అడ్డమూ లేదు. కొత్తింటి గడప లోపల నిలబడి, సూటిగా కెమెరా వైపు చూసి నవ్వుతున్నాడు.

"రామ్మా, రా. మెల్లిగా. గడప ఎత్తు ఎక్కువ పెట్టినా" అన్నాడు.

సుగుణ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆయన వెనక్కి నడుస్తూ ఇల్లంతా చూపించాడు. కెమెరా ఆయన వెంట పోయింది. ఇది హాలు, ఇది మీ యన్న వాళ్ల రూము, ఇది వంటిల్లు, పొగ పొయ్యేదానికి పైన కంత పెట్టినా అని చెబుతూ పోయాడు. మధ్యలో ఆగి వినేవాడు. ఎవరో ఏదో అడిగినట్టు తల ఊపి, "లేదులేమ్మా, వాన నీళ్లు లోపలికి రావు. వాలు బాగుండాది" అని జవాబు చెప్పాడు. చివరికి వెనకవైపు ఒక చిన్న గది తలుపు తోశాడు.

"ఇది నీది. కిటికీ తూరుపుకు పెట్టినా. పొద్దున్నే ఎండ మొకాన పడితే గానీ లేసేదానివి కాదు కదా నువ్వు. ఎప్పుడొచ్చినా ఈడే ఉండల్ల. మీ యన్నకు నేను సెప్తాలే."

అంతటితో ఆగిపోయింది. మొత్తం నాలుగు నిమిషాల చిల్లర. గోవిందుకు ఆ మాట చెప్పడానికి ఆయనకు పన్నెండు రోజులే మిగిలాయి, రేపు మాపు అనుకుంటూ చెప్పకుండానే పోయినట్టున్నాడు.

సుగుణ ఏడ్చిన ఏడుపు నేను రాయలేను. "నాయనా, నాయనా" అంటూ కంప్యూటర్ బల్ల పట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. పద్మ ఆమెను ఒళ్లోకి తీసుకుంది. నేను బయటికొచ్చి రోడ్డు మీద నిలబడ్డాను. ఎండ కాస్తోంది, బస్సులు పోతున్నాయి.

తేరుకున్నాక పనివాడి కళ్లతో మళ్లీ చూశాను. నేను ఆరడుగుల మనిషిని, నా షాట్లన్నీ మనుషుల తలల పైనుంచి ఉంటాయి. ఇది నాకంటే బాగా పొట్టి మనిషి ఎత్తు నుంచి తీసింది. చెయ్యి వణకలేదు. సౌండు పూర్తిగా పెంచి విన్నాను. కెమెరా పట్టుకున్నవాళ్ల గొంతే మైకుకు అందరికంటే దగ్గర, వాళ్లు ఊపిరి తీసినా పడుతుంది. ఇందులో వంట గిన్నెల చప్పుడు పడింది, కాకి అరుపు పడింది, మునెప్ప మాట పడింది. ఆయనను అడిగినవాళ్ల గొంతు లేదు. పెరటి తలుపు దగ్గర ఎండలో ఆయన నీడ కాళ్ల కింద స్పష్టంగా ఉంది. ఇంకో నీడ లేదు. తీసేవాళ్లు తలుపు నీడలో ఉండి ఉంటారని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

మళ్లీ కార్డును కెమెరాలో పెట్టి చూశాను. పద్నాలుగే. ఎనిమిదో నంబరు దాని జాబితాలో లేనే లేదు. కొన్నాళ్లకు ఆ కార్డు కాపీ మొత్తం బెంగళూరు తీసుకుపోయి, నా మిత్రుడి దగ్గర ఉన్న మ్యాక్ కంప్యూటర్‌లో పెట్టించాను. అందులోని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కూడా ఆ జాబితానే చదివి పద్నాలుగే చూపించింది. నేను ఆ రోజు ఫోల్డరు పేరు చెడగొట్టకుండా ఉంటే, సాఫ్ట్‌వేర్‌తో పద్నాలుగూ దించుకుని, కార్డు తుడిచేసి తరువాతి పెళ్లికి వాడేసేవాణ్ణి. ఇది తలచుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది. పద్మ అయితే నా తప్పు కాదు, ఆ శ్రీనే కాపాడిందని తీర్పు చెప్పేసింది. ఆ ఒక్క విషయంలో నేను ఆమెతో వాదించలేదు.

సుగుణ వచ్చిన రోజే ఎనిమిదో నంబరును డిస్క్ చేశాను. మరునాడు పొద్దున్నే కుప్పం బయలుదేరాను. సుగుణ పుంగనూరు బస్టాండులో ఎక్కింది. దారి పొడుగునా డిస్క్ కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

కొత్తింటికి ఇంకా కరెంటు రాలేదు. గోవిందును పక్కింటికి పిలిపించి వాళ్ల టీవీలో వేశాను. సుగుణ వీధిలోనే నిలబడింది. గోవిందు నిలబడే చూడడం మొదలుపెట్టాడు. తండ్రి గొంతు వినగానే గోడకు ఆనుకున్నాడు. చిన్న గది తలుపు తెరుచుకునేసరికి కూలబడిపోయాడు.

"ఆ రూము సామాన్లకని కట్టినాడనుకుంటి. సిమెంటు మూటలన్నీ దాంట్లోనే వేసి పెట్టినానే" అని తల కొట్టుకున్నాడు. తల ఎత్తి నన్ను అడిగాడు: "ఇది ఎవురు తీసిందన్నా?"

"నాకు తెలీదప్పా. నీ మీదొట్టు, నేను తీయలేదు" అన్నాను.

పక్కింటివాళ్లను అడిగాను. చార్జర్ దగ్గరికి గానీ, మంచం కిందికి గానీ ఎవరూ పోలేదని, ఆ ఇంటి ముసలావిడ వసారాలోనే వక్కాకు నములుతూ కూర్చుందని చెప్పారు. వంటవాళ్లను అడిగాను. చుట్టాలను అడిగాను. ఎవరైనా సరదాకు తీసుంటే ఈపాటికి గొప్పగా చెప్పుకునేవాళ్లు. అంతకంటే ముందు, కరెంటు లేని ఇంట్లో బ్యాటరీ లేని కెమెరా ఎలా తిరిగింది?

గోవిందు బయటికొచ్చి కొత్తింట్లో ఆ చిన్న గదిలోని సిమెంటు మూటలు ఒక్కొక్కటీ తనే మోసి పెరట్లో వేశాడు. గది ఊడ్చాడు. నీళ్లు చల్లాడు. తరువాత దుమ్ము కొట్టుకున్న చేతులతోనే వీధిలోకి పోయి చెల్లెలి ముందు నిలబడ్డాడు.

"రామ్మా. నీ రూము సూసుకుందువు రా" అన్నాడు.

ఆమె లోపలికి పోయింది. నేను గుమ్మం బయటే ఆగిపోయాను. లోపల అన్నాచెల్లెళ్లు ఇద్దరూ ఏడుస్తున్నారు. నాకు తెలియకుండానే నా రెండు చేతులూ కలిసిపోయాయి. ఎవరికి దండం పెట్టానో చెప్పమంటే చెప్పలేను. మరునాటి కర్మాంతరానికి సుగుణ ఆ ఇంటి ఆడబిడ్డగా లోపలే కూర్చుందని, ఆమె భర్తకు కూడా గోవిందే కబురు చేశాడని తరువాత తెలిసింది.

ఇన్నేళ్లు గడిచాయి. ఇప్పటికీ దయ్యాలున్నాయని నేను ఒప్పుకోను. కానీ ఆ నాలుగు నిమిషాలు ఎవరు తీశారో నాకు తెలియదు. ఆలోచించి ఆలోచించి వదిలేశాను. ఎవరైతేనేం, వాళ్లకు నేను జన్మంతా రుణపడి ఉంటాను.

ఆ రోజు కుప్పంలో నన్ను బస్సెక్కించడానికి వచ్చినప్పుడు గోవిందు ఒక మాట చెప్పాడు. బస్సు కదిలే ముందు కిటికీ దగ్గరికి వచ్చి చెప్పాడు.

"అన్నా, ఇల్లు సేరిన పొద్దు నాయన శానా ఆలస్యంగా కడపంక్తికి వచ్చి కూసున్నాడు. మూడేండ్ల నుంచి ఆయన పండగకు కూడా తీపి ముట్టింది లేదు. ఆ పొద్దు మాత్రం పాయసం రెండు తూర్లు అడిగి వేయించుకున్నాడు. ఏం నాయనా, అంత కుశాలగా ఉండావే అంటే, ఇంటికి రావల్సినోళ్లంతా వచ్చేసినార్రా అన్నాడు."